లైటు కింద పెంచుతున్న టమాటా, మిరప నారు ఆకులు పండుబారుతున్నాయి: నత్రజని లోపమేనా?

మారతహళ్ళి నారుమడి

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఫ్లాట్, బాల్కనీకి ఎండ రాదు. అందుకని లోపలి గదిలో రాక్ మీద నారు పోశాను. అర్కా రక్షక్ టమాటా 12, ఎల్‌సీఏ 334 మిరప 10, వంగ 4. మొలకెత్తి 24 రోజులైంది.

వారం నుంచి మూడు రకాల పసుపు కనిపిస్తోంది. టమాటాకి అడుగునున్న రెండు అసలు ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉన్నాయి, ఈనెల మధ్య పసుపు తిరిగింది, అంచులు టీ రంగులో ఎండుతున్నాయి. అదే టమాటాకీ వంగకీ లైటుకి దగ్గరగా ఉన్న విప్పారిన ఆకుల్లో పాలిపోయిన మచ్చలు. మిరపకైతే కింది ఆకులు బాగానే ఉన్నాయి గానీ కొత్త చిగురు నిమ్మపండు రంగులో వస్తోంది. విత్తనాకులు కొన్నిటికి రాలిపోయాయి.

650 గ్రాముల కొబ్బరి పొట్టు ఇటుక నీళ్ళలో నానబెట్టి, అది రెండు పాళ్ళు, వర్మికంపోస్టు ఒక పాలు కలిపాను. 200 ఎంఎల్ పేపర్ కప్పులు, కింద ఒక్కో చిన్న చిల్లు. బాత్రూం కుళాయి నీళ్ళు రోజూ కప్పుకి 50 ఎంఎల్. నీళ్ళలో కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటరు 520 చూపిస్తోంది. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరుకు 1 గ్రాము, వారానికి రెండుసార్లు. నర్సరీలో అడిగితే నత్రజని చాలట్లేదు అన్నారు, 2 గ్రాములకి పెంచాను. అంచులు ఇంకా ఎక్కువ ఎండాయి. లైట్లు 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు, 6500కే, ఆకులకి 6 అంగుళాల ఎత్తులో. టైమర్ లేదు, రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటాయి.

ఏది ముందు సరిచేయాలి?

ఈనె

ముందు ఆ 2 గ్రాముల మోతాదు ఆపండి. నత్రజని తక్కువైతే అడుగు ఆకు ఈనెలతో సహా మొత్తం ఒకే తీరుగా పాలిపోతుంది, మొక్క అంతా లేత రంగుకి తిరుగుతుంది. మీరు చెప్పింది అది కాదు.

నారులో పసుపు చూసేటప్పుడు రంగు కంటే ముందు అడగాల్సింది "ఏ ఆకు?" అని. నత్రజని, మెగ్నీషియం, పొటాష్ మొక్క లోపల కదిలే పోషకాలు. కొరత వస్తే మొక్క ముసలి ఆకులోంచి లాగి చిగురుకి పంపుతుంది, అందుకే దెబ్బ కింద కనిపిస్తుంది. ఇనుము, గంధకం, కాల్షియం అంత తేలిగ్గా కదలవు. అవి తక్కువైతే చిగురులోనే తెలుస్తుంది. కింది ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు అంటే మెగ్నీషియం. చిగురులో అదే తీరు అంటే ఇనుము. చిగురు ఈనెలతో సహా పాలిపోతే గంధకం. కింది ఆకు అంచు నుంచి లోపలికి మాడుతూ వస్తే పొటాష్ లోపం కావచ్చు, ఉప్పు ఎక్కువైనా కావచ్చు. మోతాదు పెంచాక అంచులు ఇంకా మాడాయన్నారు కాబట్టి మీది ఉప్పు దెబ్బే.

విత్తనాకుల సంగతి వదిలేయండి. మూడు నాలుగు అసలు ఆకులు వచ్చాక అవి పండి రాలడం మామూలే.

ఇక 19:19:19 గురించి ఒక మాట. అందులో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. యూరియా నీళ్ళలో అయాన్లుగా విడిపోదు, కాబట్టి టీడీఎస్ మీటరుకి కనపడదు. మీటరు తక్కువ చూపిస్తోందని మోతాదు పెంచుకుంటూ పోవడం ఇక్కడే మొదలవుతుంది. పైగా అందులో కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు. మట్టిలో ఆ రెండూ ఎంతో కొంత ఉంటాయి కాబట్టి నడిచిపోతుంది, కొబ్బరి పొట్టులో నడవదు.

ఇటుకని నానబెట్టారు సరే, కడిగారా?

గట్టుమీది గుమ్మడి

అన్నా, ఇంత పెద్ద పంచాయితీ దేనికి? ఎప్సమ్ సాల్ట్, అదే మెగ్నీషియం సల్ఫేట్, లీటరుకు 5 గ్రాములు కలిపి ఆకుల మీద కొట్టున్రి. నాలుగు దినాల్ల పచ్చగైతది.

ఉప్పునీళ్ళు

గుమ్మడి అన్నా, లోపం ఏదో సరిగ్గానే పట్టావు. కానీ ఆ కప్పులో మెగ్నీషియం ఎందుకు అందట్లేదో చూడకుండా పైన కొడితే వారానికోసారి కొడుతూనే ఉండాలి. 24 రోజుల నారుకి 5 గ్రాములు ఘాటు కూడా. 2 గ్రాములు చాలు, అదీ లైటు ఆపాక.

నారుమడి గారూ, నాకు అనుమానం మీ నీళ్ళ మీద. అటువైపు చాలా అపార్ట్‌మెంట్లలో బోరు, ట్యాంకర్ నీళ్ళని సాఫ్ట్‌నర్ గుండా పంపి కుళాయిలకి ఇస్తారు. సాఫ్ట్‌నర్ అంటే ఉప్పు తీసేసే మిషన్ అనుకుంటారు చాలామంది. అది చేసేది మార్పిడి. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లోపలి ప్లాస్టిక్ పూసల రెజిన్‌కి అంటుకుని, బదులుగా సోడియం బయటికి వస్తుంది. మెయింటెనెన్స్ వాళ్ళు బస్తాలకొద్దీ ఉప్పు పోసేది ఆ రెజిన్‌ని మళ్ళీ సోడియంతో నింపడానికే. అందుకే టీడీఎస్ తగ్గదు, ముందెంతో తర్వాతా దాదాపు అంతే. గీజరుకి, షవర్‌కి మంచిది. నారుకి కావలసిన రెండూ పోయి, అక్కర్లేనిది వస్తుంది.

ఇంకో సంగతి, సాఫ్ట్‌నర్ బైకార్బనేట్‌ని ముట్టుకోదు. రోజూ అవే నీళ్ళు పోస్తుంటే కప్పులో పీహెచ్ (పులుపు, క్షారం కొలత) మెల్లగా పైకి పోతుంది, 7 దాటాక ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. మీ మిరప చిగురు నిమ్మరంగు అక్కడిదే అయ్యుండాలి. నీళ్ళు కాచి చల్లార్చి పోద్దామనుకోకండి. కాస్తే సున్నం పేరుకుని బైకార్బనేట్ తగ్గేది కాల్షియం ఉన్న గట్టి నీళ్ళలో. సాఫ్ట్‌నర్ నీళ్ళలో పేరుకోవడానికి కాల్షియమే ఉండదు.

తేల్చుకోవడం సులువు. అక్వేరియం షాపులో నీటి గట్టిదనం, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చూసే చుక్కల మందు దొరుకుతుంది. 5 ఎంఎల్ నీళ్ళలో రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టాలి, మామూలుగా ఒక్కో చుక్క లీటరుకు 17.8 మిల్లీగ్రాముల గట్టిదనం. బాత్రూం నీళ్ళు ఒకసారి, సాఫ్ట్‌నర్‌కి ముందు నీళ్ళు ఒకసారి చూడండి. కింద తోటకి పట్టే కుళాయి చాలాచోట్ల నేరుగా సంపు నుంచే ఉంటుంది.

దాంతోపాటు కప్పులోంచి కారే నీళ్ళు కూడా కొలవండి. ఎప్పటిలా నీళ్ళు పోసి గంట ఆగాలి. తర్వాత ఆర్వో నీళ్ళు 40 ఎంఎల్ మెల్లగా పోస్తే అడుగున కారుతుంది. నాలుగు కప్పులది ఒక గ్లాసులో పడితే మీటరు మునిగేంత వస్తుంది. రోజూ పోసే నీళ్ళ టీడీఎస్ కంటే బయటికి వచ్చిన నీళ్ళ టీడీఎస్ రెట్టింపు ఉంటే కప్పులో ఉప్పు పేరుకున్నట్టే.

తులసికోట

నీళ్ళ మాట నిజమే కావచ్చు, కానీ లైటుని ఎవరూ పట్టించుకోలేదు. టమాటాకి 24 గంటల వెలుతురు పడదు. ఆగని వెలుతురులో ఆకులో పిండిపదార్థం పేరుకుని పత్రహరితం దెబ్బతింటుంది, విప్పారిన ఆకుల్లో ఈనెల మధ్య పాలిపోయిన మచ్చలు వస్తాయి. వంగకీ ఇదే జబ్బు. మిరప వాటికంటే బాగా ఓర్చుకుంటుంది. మీ రాక్‌లో సరిగ్గా టమాటా, వంగలకే పై ఆకుల్లో మచ్చలు వచ్చి, పక్కనే ఉన్న మిరపకి రాలేదంటే అది పోషకం కాదు, లైటే. ఏసీ లేని మూసిన గదిలో పగలూ రాత్రీ ఒకే వేడి ఉంటే ఇంకా త్వరగా వస్తుంది.

ప్లగ్‌కి పెట్టే మెకానికల్ టైమర్ తెచ్చి 16 గంటలు వెలుగు, 8 గంటలు చీకటి పెట్టండి. చీకటంటే హాల్లో లైటు పడని చీకటి. గంటలు తగ్గించినందుకు లైటుని 4 అంగుళాలకి దించండి. ఫోన్ లక్స్ యాప్‌ని ఆకు ఎత్తులో పెట్టి చూస్తే 12,000 నుంచి 15,000 మధ్య రావాలి. యాప్ కచ్చితంగా చెప్పదు, 9,000కి 14,000కి తేడా తెలిస్తే చాలు. రెండు ట్యూబుల మధ్య 4 అంగుళాలు మించి ఎడం ఉంచకండి, చివరి వరుస కప్పులకి వెలుతురు సగం కూడా అందదు.

మారతహళ్ళి నారుమడి

అందరికీ థాంక్స్. ఇటుక కడగలేదు. టైమర్ పెట్టేశాను. కొలిచినవి ఇవీ: తోట కుళాయి టీడీఎస్ 510, గట్టిదనం 21 చుక్కలు. బాత్రూం కుళాయి 520, ఒక్క చుక్కకే రంగు మారిపోయింది. ఆర్వో 45. నాలుగు కప్పుల నుంచి కారిన నీళ్ళు 1150. పీహెచ్ పట్టీతో చూస్తే కారిన నీళ్ళు 7.5 దగ్గర. కడిగారా అని ఈనె గారు అడిగారు, కడగకపోతే అంత తేడా ఎందుకు?

ఉప్పునీళ్ళు

21 చుక్కలు అంటే లీటరుకు దాదాపు 375 మిల్లీగ్రాములు. అంతా సోడియంగా మారితే లీటరుకు 170 మిల్లీగ్రాములకి పైనే సోడియం. అవి రోజూ 50 ఎంఎల్. ఆ చిన్న చిల్లులోంచి ఎక్కువేమీ కారదు, నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. 1150 ఎక్కడిదంటే ఇక్కడిదే. దానికి వర్మికంపోస్టు ఉప్పూ, మీ 2 గ్రాములూ తోడయ్యాయి.

కడగడం ఎందుకంటే, కొబ్బరి పొట్టులో పుట్టుకతోనే పొటాషియం, సోడియం ఉంటాయి. నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పు కడిగితే పోతుంది. పీచుకి అతుక్కున్నది పోదు. ఆ అతుక్కున్న చోట్లు మీరు పోసిన కాల్షియం, మెగ్నీషియాలని పట్టేసుకుని బదులుగా పొటాషియం, సోడియం వదులుతాయి. మొక్కకి ఇస్తున్నామనుకున్నది పొట్టు తినేస్తుందన్నమాట. అందుకే ముందుగానే కాల్షియం నైట్రేట్ నీళ్ళలో నానబెట్టి ఆ చోట్లని కాల్షియంతో నింపాలి.

ఇప్పుడు నారు పీకి మళ్ళీ నాటొద్దు, 24 రోజుల వేరు తెగితే ఇంకో పది రోజులు పోతాయి. కప్పుల్లోనే కడుగుదాం. ఒట్టి ఆర్వో నీళ్ళు పోస్తే కరిగి ఉన్న ఉప్పే పోతుంది, అతుక్కున్న సోడియాన్ని నెట్టడానికి కాల్షియం కావాలి.

ఇంట్లో గ్రాముల కాటా లేకపోతే ఇలా చేయండి. 100 గ్రాముల కాల్షియం నైట్రేట్‌ని ఆర్వో నీళ్ళలో కరిగించి మొత్తం లీటరు చేయండి, ఇది ఒకటో సీసా. అలాగే 100 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకి, రెండో సీసా. 19:19:19 కూడా అలాగే, మూడో సీసా. ఏ సీసాలోంచైనా 10 ఎంఎల్ తీస్తే 1 గ్రాము. మందుల షాపు సిరంజి చాలు. ఒకటో సీసాని మిగతా రెండిట్లో దేనితోనూ చిక్కగా ఉండగా కలపకండి. సల్ఫేట్‌తో కలిస్తే జిప్సం, ఫాస్ఫేట్‌తో కలిస్తే తెల్లటి మడ్డి, రెండూ అడుగున కూర్చుంటాయి, మొక్కకి రావు. బకెట్ నిండా నీళ్ళు పోశాక ఒకదాని తర్వాత ఒకటి కలుపుతూ తిప్పితే ఏమీ కాదు. కాల్షియం నైట్రేట్ ప్యాకెట్ తెరిచి వదిలేస్తే గాలిలో చెమ్మ లాగి రెండు రోజుల్లో పాకంలా అవుతుంది, మూత గట్టి డబ్బాలో పోయండి.

కడగడానికి: లీటరు ఆర్వో నీళ్ళకి ఒకటో సీసా 5 ఎంఎల్. కప్పు పరిమాణానికి రెట్టింపు, అంటే కప్పుకి 400 ఎంఎల్, నాలుగు విడతల్లో పది నిమిషాల ఎడంతో. 26 కప్పులకి పదిన్నర లీటర్లు. అంతకు ముందు పెన్సిలంత మందం మేకు కాల్చి అడుగున ఇంకో రెండు చిల్లులు పెట్టండి. చివర్లో కారే నీళ్ళు 500 లోపు వచ్చాయంటే చాలు, రాకపోతే ఇంకో విడత. కింద పళ్ళెంలో చేరిన నీళ్ళు అప్పటికప్పుడు పారబోయాలి, లేకపోతే అదే ఉప్పు తిరిగి పైకి పీల్చుకుంటుంది.

ఈనె

కడిగాక రెండు మూడు రోజులు చుక్క కూడా పోయకండి. రోజూ 50 ఎంఎల్ అనే లెక్కే తప్పు. 200 ఎంఎల్ కప్పులో నాలుగాకుల మొక్క అంత తాగదు, జూలై ముసురులో అసలే తాగదు. వేరుకి గాలి ఆడకపోతే ఎన్ని పోషకాలున్నా లోపలికి రావు, ఇనుము లోపంలాగే కనిపిస్తుంది. పొట్టు పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, రంగు చూసి మోసపోకండి. అప్పుడే పోసిన కప్పుని ఎత్తి బరువు గుర్తుపెట్టుకోండి. అది సగానికి తగ్గినట్టు చేతికి తెలిసినప్పుడే పోయాలి. పోసినప్పుడు అయిదో వంతు కిందికి కారేలా పోయాలి. చిన్న టేబుల్ ఫ్యాన్ దూరంగా, ఆకు కదిలీ కదలనట్టు.

ఇక రోజువారీ నీళ్ళు. ఆర్వో ఒక్కటే పోయక్కర్లేదు. తోట కుళాయి నీళ్ళు ఒక వంతు, ఆర్వో రెండు వంతులు కలపండి. టీడీఎస్ 200 దగ్గరకి, గట్టిదనం 125 దగ్గరకి వస్తుంది. అంటే బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం మీకు ఉచితం, బైకార్బనేట్ మూడో వంతే. ఆర్వో మిషన్ వదిలేసే వేస్టు నీళ్ళు మాత్రం పోయకండి, కుళాయి నీళ్ళకంటే అవే ఉప్పన.

ఆ కలిపిన నీళ్ళు 10 లీటర్లకి ఒకటో సీసా 30 ఎంఎల్, రెండోది 20, మూడోది 40. మీటరు 550 నుంచి 600 మధ్య చూపించాలి. అయిదారు ఆకులు వచ్చేదాకా అంతకు మించొద్దు. చివర్లో పీహెచ్ చూసి నిమ్మ ఉప్పు పావు గ్రాము చొప్పున వేస్తూ 6 దగ్గరకి తెండి. ఒకేసారి వేస్తే 4కి జారిపోతుంది. నిమ్మ ఉప్పుతో దించిన పీహెచ్ ఎక్కువ రోజులు నిలవదు, ఏ రోజుకారోజు కలుపుకోండి.

తులసికోట

మిరప చిగురుకి అన్నభేది (ఐరన్ సల్ఫేట్) వాడొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. పొలంలో అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొడతారు, అది పనిచేస్తుంది. కప్పులో పోస్తే మాత్రం 7 దాటిన పీహెచ్‌లో తుప్పు రంగు మడ్డిగా మారిపోతుంది. కీలేటెడ్ ఇనుము (మడ్డి కట్టకుండా వేరే పదార్థం పట్టి ఉంచే ఇనుము) కొనేటప్పుడు లేబుల్ చదవండి. 12 శాతం ఉండే ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 లోపే నిలుస్తుంది. 6 శాతం ఉండే ఈడీడీహెచ్ఏ రకం 7 దాటినా నిలుస్తుంది, నీళ్ళు ఎర్రటి వైన్ రంగులోకి మారతాయి. దానిది 10 లీటర్లకి పావు గ్రాము. రెండుసార్లు పోసి ఆపండి. పీహెచ్ దిగాక చిగురు తనంతట తానే సర్దుకోవచ్చు కూడా.

పొట్టు మీద చిన్న నల్ల దోమల్లాంటివి ఎగురుతున్నాయా? ఎప్పుడూ తడిగా ఉన్న కప్పుల్లో అవి తప్పకుండా వస్తాయి, వాటి పిల్లపురుగులు లేత వేళ్ళు కొరికితే ఇదే పసుపు. బంగాళాదుంప ముక్క ఒకటి పొట్టు మీద పెట్టి రెండు రోజులాగి తిప్పి చూడండి. నల్ల తలతో తెల్లటి సన్న పురుగులు కనిపిస్తే పసుపు జిగురు అట్టలు పెట్టి, పైపొర బాగా ఎండనివ్వండి. అలాగే ఒక ఆకుని తెల్ల కాగితం మీద తట్టండి. మిరపాకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. అది పోషకం కథ కాదు, ఎరువు పోస్తే పోదు.

మారతహళ్ళి నారుమడి

దోమలు రెండు మూడు ఉన్నాయి, దుంప పెట్టాను. కడగడం ఇవాళ పూర్తయింది, చివరి నీళ్ళు 460. పసుపు ఆకులు తుంచేయనా? రెండో ఇటుక ఇంకా ఇంట్లో ఉంది, దాన్ని మొదటి నుంచీ సరిగ్గా ఎలా చేయాలి?

ఉప్పునీళ్ళు

తుంచొద్దు. సగం పచ్చగా ఉన్నా అది మొక్కకి పనిచేస్తూనే ఉంటుంది, పూర్తిగా ఎండాక తీయండి. మాడిన అంచు మళ్ళీ పచ్చబడదు, దాన్ని చూస్తూ ఎరువు మార్చుకుంటూ పోకండి. ఇవాళ ఉన్న చిగురు కింద కాడకి వదులుగా ఒక దారం కట్టండి. దారానికి పైన వచ్చే ఆకులే లెక్క. పది రోజుల్లో అవి పచ్చగా వస్తే దారి సరైనదే, రాకపోతే కారే నీళ్ళ టీడీఎస్, పీహెచ్ మళ్ళీ ఇక్కడ పెట్టండి.

రెండో ఇటుకని బకెట్‌లో 4 లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో విరగనివ్వండి. పాత బనియన్ గుడ్డలో వేసి పిండి, మళ్ళీ నీళ్ళు పోసి పిండి, మూడుసార్లు. టీ డికాక్షన్ రంగు లేత గోధుమకి దిగుతుంది. ఈ కడుగుళ్ళకి సాఫ్ట్‌నర్ నీళ్ళు వాడొద్దు, తోట కుళాయివే మేలు. తర్వాత 4 లీటర్ల ఆర్వో నీళ్ళలో 16 గ్రాముల కాల్షియం నైట్రేట్, అంటే ఒకటో సీసా 160 ఎంఎల్, కలిపి అందులో రాత్రంతా ఉంచండి. పొద్దున పిండి, తోట కుళాయి, ఆర్వో కలిపిన నీళ్ళతో ఒక్కసారి కడిగి, పిడికిట్లో గట్టిగా నొక్కితే రెండు చుక్కలు మాత్రమే రాలేంత తడితో డబ్బాలో పెట్టుకోండి. ఈసారి వర్మికంపోస్టు మూడో వంతు కాదు, పదో వంతు చాలు.

గట్టుమీది గుమ్మడి

ఆ పిండిన నీళ్ళు తులసి కుండీల పోయకున్రి మల్ల.